గాజులో కరెంటు

ధరణి పిహెచ్‌డి వైవా ముగించుకుని హైదరాబాదు నుంచి నరసరావుపేట వచ్చిన మర్నాడు అత్తగారు సీతమ్మ బూరెలు వండింది. కబురందుకుని రెంటచింతల నుంచి ఆడబిడ్డ సుశీల మొదటి బస్సుకే దిగిపోయింది. పక్కింట్లో జాకెట్లు కుట్టే నజీమా మిషను ఆపేసి వచ్చి గడప మీద కూర్చుంది. వంటింట్లో నూనె చిటపటలాడుతోంది. మాటలు అంతకంటే ఎక్కువగా చిటపటలాడుతున్నాయి.

"ఇన్నేళ్లు చదివావు సరే. అసలు చదివింది ఏంది తల్లీ? మా ఊళ్లో అడుగుతుంటే చెప్పలేక చస్తన్నా," అంది సుశీల, బూరె విరుస్తూ.

ఎవరు అడిగినా "ఫిజిక్స్" అని తప్పించుకోవడం ధరణికి అలవాటు. ఆ రోజు మాత్రం మనసు పొంగి ఉంది. గదిలోకి వెళ్లి బ్యాగులోంచి బొటనవేలంత గాజు ముక్క తెచ్చి సుశీల చేతిలో పెట్టింది. అది పలచని టీ రంగులో ఉంది.

"ఇది తెల్లటి గాజే వదినా. గామా కిరణాలు పెడితే ఇట్లా అయింది."

"పెడితే అంటే? కరెంటు పెట్టడమా? రాజుపాలెం పెద్దమ్మకి గొంతుకి పెట్టారు చూడు, గుంటూర్లో. అదేనా?"

ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటా క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్‌ని కరెంటు పెట్టడమనే అంటారు. ధరణికి ఆ మాట కొత్తేమీ కాదు.

"అదే. ఆ జాతిదే," అంది.

తర్వాత అసలు సంగతిలోకి దిగింది. ఇంటికి ఇంటర్నెట్ వచ్చే తీగ ఉంది కదా, దాని లోపల వెంట్రుకంత సన్నటి గాజు ఉంటుంది. అందులో పోయేది వెలుగు. అలాంటి తీగల్ని అణు విద్యుత్తు కేంద్రాల్లోనూ ఉపగ్రహాల్లోనూ కూడా వాడతారు. అక్కడ కిరణాలు తగిలితే గాజు లోపల నల్లబడుతుంది. ఈ చివర ఎంత వెలుగు పంపినా ఆ చివరికి మసకగానే చేరుతుంది. ఎందుకు నల్లబడుతుందో, ఎంత నల్లబడుతుందో, ఎప్పుడు తేరుకుంటుందో, అదీ తన చదువు.

"ఎందుకు నల్లబడిద్ది?" అంది సీతమ్మ, చిల్లుల గరిటె చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి.

ఎలక్ట్రాన్ అన్న మాటకి ఆ వంటింట్లో ధరణికి దొరికిన తెలుగు ఒక్కటే.

"లోపల కరెంటు చెదిరిపోయి గాజు సందుల్లో చిక్కుకుంటుంది అత్తయ్యా. చిక్కుకున్న కరెంటు వచ్చే వెలుగును తాగేస్తుంది."

"లోపలే ఉంటదా అది?"

"కొంత వెంటనే పోతుంది. కొంత నెలల తరబడి ఉండిపోతుంది. వెచ్చబెడితే తొందరగా పోతుంది."

"అయితే మా రెంటచింతల తోలు దాన్ని," అంది సుశీల. "మే నెల్లో మా మేడ మీద పెడితే మధ్యాన్నానికల్లా తెల్లబడిద్ది. ఆ ఎండకి మనుషులే తెల్లబోతారు, గాజెంత?"

అందరూ పడీపడీ నవ్వారు. నజీమా గాజు ముక్కని వెలుగుకి అడ్డంగా పెట్టి చూసి, "అచ్చం మా ఆయన తాగే టీ లాగుంది, పాలు తక్కువ," అంది. సీతమ్మ అయితే ఆ వారమంతా కనపడ్డవాళ్లకల్లా చెప్పుకుంది: "నా కోడలు ఎంత బాగా చెప్పిందనుకున్నారు! చదువు రాని దాన్ని, నాకు కూడా అర్థమైంది." వైవాలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు మెచ్చుకున్నప్పుడు కూడా ధరణికి అంత సంతోషం కలగలేదు.

ఆ తర్వాత ధరణికి కొడుకు పుట్టాడు. వెంకట సాయి అని పేరు పెట్టారు. వాణ్ని ఉయ్యాల్లో వేసింది మేనత్త సుశీలే. వేస్తూ వాడి చెవిలో ఏదో చెప్పి, ఏం చెప్పావని ఎవరడిగినా "మా ఇద్దరి మధ్యా మాట" అని బిగుసుకుంది. పిల్లవాడికి రెండో నెల రాకముందే సుశీల రొమ్ములో గడ్డ కనపడింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. ఇంజెక్షన్లకి జుట్టంతా ఊడింది. చివరకు కరెంటు పెట్టాలన్నారు. రెంటచింతల నుంచి రోజూ గుంటూరు తిరగడం అయ్యే పని కాదు. ఆమె పిల్లలిద్దరూ హాస్టల్లో ఉన్నారు. మొగుడు బసవయ్య మిరప తోట వదిలి కదలలేడు. అందుకని సుశీల పుట్టింటికి వచ్చింది. పొద్దున్నే తమ్ముడు, ధరణి భర్త త్రికోటేశ్వరరావు బస్సెక్కిస్తే వెళ్లి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేది.

ఇంట్లో మార్పులు ధరణి చూడకపోలేదు. వాకిటి గదిలో ఉండే పిల్లవాడి బొంత వెనక గదికి మారింది. సుశీల గుంటూరు నుంచి రాగానే సీతమ్మ మనవణ్ని చంకనేసుకుని పెరట్లోకి నడిచేది. తను మాత్రం రాత్రిళ్లు కూతురి పక్కనే పడుకునేది, ఆమె తాగి వదిలేసిన మజ్జిగ తాగేది. పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికే ఆ కట్టడి. సుశీల కూడా గడప దాటేది కాదు. అవతల నిలబడి చప్పట్లు కొట్టి, "ఒరేయ్ గుండూ, నీకూ నాకూ జుట్టు ఒకేసారి వచ్చేటట్టుందిరా. ఎవరిది ముందొస్తదో పందెం!" అనేది. వాడు నవ్వేవాడు. ఆమె అక్కణ్నుంచి అటే వెళ్లిపోయేది.

ఇంజెక్షన్లు పడ్డ మనిషికి చిన్నపిల్లల జలుబూ జ్వరమూ అంటుకోకూడదని అలా చేస్తున్నారని ధరణి అనుకుంది. అలా అనుకుంటే ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

ఒకనాడు ఆమె పాఠాలు చెప్పే కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే నజీమా గోడ మీదుగా పిలిచింది. సుశీలకి ఒక పక్క మెత్త పెట్టి కుట్టిన జాకెట్టు ఆమె చేతిలో ఉంది.

"ధరణక్కా, ఒక మాట అడగనా? ఏమనుకోమాకు. కొలతలకి సుశీలక్కని ముట్టుకున్నాగా, పాత జాకెట్టు కూడా నాలుగు రోజులు నా మిషను మీదే ఉంది. నాకేం కాదుగా?"

"ఏమవుతుంది?"

"అదే... కరెంటు. లోపలే ఉండిపోయిద్దని, నెలల తరబడి ఉంటదని నువ్వు చెప్పావుగా బూరెలు తింటా. సీతమ్మ పెద్దమ్మ దానికేగా పిల్లోణ్ని దూరం పెట్టింది? ఆ గాజు ముక్క కూడా కాలవలో పారేసొచ్చింది, నీకు తెలియదా?"

ఆ రోజు తను చెప్పిన మాటలన్నీ ఒక్కటొక్కటే ధరణి చెవిలో పడ్డాయి. తను కరెంటంటే ఎలక్ట్రాన్లనుకుంది. వాళ్లు కరెంటంటే సుశీలకి పెట్టేదనుకున్నారు. "అదే, ఆ జాతిదే" అని రెంటినీ ఒకటిగా ముడివేసింది తన నోరే.

చెప్పాల్సిన మాట చాలా చిన్నది. బయటి నుంచి పెట్టే రేడియేషన్ మిషను ఆపగానే ఆగిపోతుంది, మనిషిలో ఏమీ మిగలదు, ఇంకొకరికి అంటదు. క్లాసులో అయితే బోర్డు వంక చూడకుండా చెప్పేది. గోడ దగ్గర నిలబడి ఆమె అన్నది మాత్రం ఇంతే:

"బట్టలకేం కాదులే నజీమా."

బట్టలకేం కాదు. అంటే మరి దేనికి అవుతుంది? నజీమా "హమ్మయ్య" అనుకుని వెళ్లిపోయింది. తన నోట అలాంటి మాట ఎందుకు వచ్చిందో ధరణికి తెలుసు. తెలియకపోతే బాగుండేది. పిల్లవాడు పుట్టినప్పటి నుంచి కడుపులో ఒక మూల "ఏమో" అనే మాట వచ్చి కూర్చుంది. చదివిన చదువంతా ఒక పక్కా, ఆ రెండక్షరాలు ఒక పక్కా. వాణ్ని దూరం పెట్టమని తను ఎవరికీ చెప్పలేదు. ఎవరో పెట్టారు. తన చేతికి మట్టి అంటకుండా జరిగిపోతోంది. పోనీలే, కొన్నాళ్లేగా అనుకుంది.

రేపు చెబుదాం అనుకుంది. కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చారు. తర్వాత ల్యాబ్ పరీక్షలు. తర్వాత పిల్లవాడికి పళ్లొస్తూ విరేచనాలు. ఒక సాయంత్రం వాడు వాకిట్లో పడి ఏడుస్తుంటే దగ్గర్లో ఉన్న సుశీల తెలియకుండానే రెండు చేతులూ చాచింది. ధరణి లోపలి నుంచి పరుగున వచ్చి ముందే వాణ్ని ఎత్తేసుకుని, "పాలకి ఏడుస్తున్నాడు వదినా" అంది. వాడు అప్పుడే తాగి దిగాడు. మూతి మీద పాల చార ఇంకా ఆరలేదు. సుశీల ఆ చార చూసింది. చాచిన చేతులతోనే చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

గుంటూరు వెళ్లడం అయిపోయింది. నెలలు గడిచాయి. సుశీల ఇంకా రెంటచింతల వెళ్లలేదు. మధ్యాహ్నం భోజనం కాగానే మేడెక్కేది. ఎందుకని ఎవరూ అడగలేదు. పుట్టింట్లో పగలంతా ఒకరి కంట పడుతూ కూర్చోవడం కష్టంగా ఉండి ఉంటుందనుకున్నారు.

పిల్లవాడికి పదకొండో నెల రాగానే కోటప్పకొండలో పుట్టువెంట్రుకలు తీయించాలని సీతమ్మ ముహూర్తం పెట్టించింది. ఒక ఆదివారం ధరణి వాడికి అన్నం కలుపుతుంటే వాకిట్లో సీతమ్మ ఫోను మాటలు వినపడ్డాయి.

"భావనా, కొండకి నువ్వు రావాలే అమ్మాయ్. వెంట్రుకలు కొంగులో పట్టడానికి మేనత్త కావాలిగా... సుశీల ఉంది, ఉంటే మాత్రం? దాని సంగతి నీకు తెలుసుగా... కోటేశుకి బాబాయి కూతురివి, వరసకి నువ్వూ మేనత్తవేగా! వెల్దుర్తి నుంచి కారు మాట్లాడుకుని రండి. కిరాయి కోటేశు చూసుకుంటాడు."

ధరణి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. వాడు నోరు తెరిచి ఎదురుచూస్తున్నాడు. ముద్ద పెట్టి, వాణ్ని నాన్న దగ్గర కూర్చోబెట్టి, ఆరేసిన బట్టలు తెచ్చే వంకతో మేడెక్కింది. ఫోను మాటలు సుశీల విన్నదో లేదో చూడాలని. వినకపోతే బాగుండునని.

సుశీల ఎండలో తాటాకు చాప వేసుకుని సూర్యుడికి ఎదురుగా కూర్చుని ఉంది. జాకెట్టు హుక్కులు విప్పి, పమిట పక్కకి తీసి, ఆపరేషన్ చేసిన వైపు ఎండకి పెట్టింది. కొద్దికొద్దిగా వస్తున్న జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. ధరణి అడుగుల చప్పుడుకి గబుక్కున పమిట లాక్కుంది. ఆ లోపే ధరణి చూసింది. కుట్ల చుట్టూ చర్మం మాడిన రొట్టెలా నల్లగా ఉంది. చంక కింద పొరలు లేచి, పచ్చి తేలి, నీరు కారుతోంది.

"వదినా! ఏంటిది? ఈ ఎండలో ఏం చేస్తున్నావు?"

"నువ్వా? ఎవరో అనుకుని హడలి చచ్చా." సుశీల హుక్కులు పెట్టుకోబోయి, మంటకి పళ్లు బిగబట్టి వదిలేసింది. "కూర్చో. నేనే నిన్ను అడుగుదామనుకుంటన్నా. సిగ్గేసి అడగలా. ఇంకా ఎన్నాళ్లుంటది ధరణీ?"

"ఏది?"

"కరెంటే. వెచ్చబెడితే తొందరగా పోయిద్దన్నావుగా. రోజూ పెడతానే ఉన్నా. మా రెంటచింతల ఎండంత లేదు గానీ ఇదీ తక్కువేం కాదు. కొండకి పోయేలోపు పోయిద్దేమో, పిల్లోడి వెంట్రుకలు నేనే పట్టొచ్చు అనుకున్నా. అమ్మ భావనకి ఫోను చేసిందిగా ఇప్పుడు... విన్నాలే."

ధరణి చాప మీద కూలబడింది. చాప కాలుతోంది.

"డాక్టరమ్మ చెప్పలేదా? ఆ చోట ఎండ తగలనీయకూడదు కదా వదినా..."

"చెప్పింది. ఆమె చెప్పింది పై చర్మం సంగతి. లోపల సంగతి నువ్వు చెప్పావుగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే ధరణి భరించలేకపోయింది. తిట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేది.

"లోపల ఏం లేదు వదినా."

"పోయిందా?" సుశీల ముఖం విప్పారింది. "ఎప్పుడు పోయుంటది?"

"పోవడానికి అసలు లేదు. మిషను ఆపగానే అయిపోతుంది. మొదటి రోజు కూడా లేదు. నేను చెప్పింది గాజు సంగతి, అది వేరు. గాజులో ఉండిపోయింది కూడా కిరణాలు కావు. దాన్ని పట్టుకుంటే ఎవరికీ ఏం కాదు."

పక్క మేడ మీద ఎవరో మిరపకాయలు తిరగేస్తున్నారు. ఘాటు గాలి వచ్చి ఇద్దరూ దగ్గారు.

"మరి అమ్మ పిల్లోణ్ని రానీయకపోవటం... నువ్వు చూడలేదా?"

"చూశాను."

"ఎందుకో తెలియదేమో నీకు."

సుశీల తనే ఒక తలుపు తీసి పెట్టింది. తెలియదు అంటే సరిపోతుంది. ధరణి చాప అంచు పీకుతూ, "తెలుసు. నజీమా చెప్పింది," అంది.

"ఎప్పుడూ?"

"నువ్వు ఇంకా గుంటూరు తిరుగుతున్నప్పుడు."

సుశీల ఆమె వంక చూసి, చూపు తిప్పుకుంది. కళ్లు చికిలించి ఎండలోకి చూస్తూ, "అయితే ఊరికే కూర్చున్నానన్నమాట ఇన్నాళ్లూ," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. "సరే, చెయ్యియ్యి. కాళ్లు తిమ్మిరెక్కినయి."

ధరణి చెయ్యిచ్చి లేపింది. ఆ చెయ్యి పట్టుకుని ఎన్ని నెలలయిందో గుర్తు రాలేదు.

కిందికి వచ్చాక సీతమ్మని వంటింట్లోకి పిలిచి చెప్పింది. సీతమ్మ వెంటనే నమ్మలేదు.

"అప్పుడు లోపలే ఉంటదన్నావు. ఇప్పుడు లేదంటన్నావు. మరి ఆ గాజు ఎందుకట్లా అయింది?"

"అది దెబ్బ అత్తయ్యా. కిరణాలు తగిలి పోయాయి, దెబ్బ మిగిలింది. పొయ్యి మీద చెయ్యి కాలుతుంది. ఆ కాలిన చెయ్యి మనం పట్టుకుంటే మన చెయ్యి కాలుతుందా?"

సీతమ్మ ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అర్థమైందని ధరణికి తెలిసింది. ఇలా అర్థమవుతుందని ముందు నుంచీ తెలుసు కూడా.

"ఇంతేనా? ఈ ముక్క చెప్పటానికి నీకు ఇన్నాళ్లు పట్టిందా? నా నోటితో నేను నా కూతుర్ని గడప అవతల నిలబెట్టానే! కాలేజీలో అంతమందికి చెబుతావు, నాకు చెప్పటానికి నోరు రాలేదా నీకు?"

త్రికోటేశ్వరరావు పిల్లవాణ్ని ఎత్తుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. అంతా విన్నాడు. "అక్కని హాస్పిటల్‌కి తీసుకుపోదాం, పద," అన్నాడు. దారి పొడుగునా భార్య వైపు తిరగలేదు.

గుంటూరులో డాక్టరమ్మ ఆ పచ్చి పుండు చూసి కేకలేసింది. ఎండలో ఎందుకు తిరిగావంటే సుశీల తల వంచుకుని, "పొలం పని తప్పలేదమ్మా," అంది. డాక్టరమ్మ ధరణి వైపు తిరిగింది. "మీరు చదువుకున్నవాళ్లలా ఉన్నారు. పల్లెటూరి మనిషి, ఆమెకేం తెలుస్తుంది? మీరైనా చెప్పాలి కదండీ!" అసలు సంగతి చెప్పడానికి ధరణి నోరు తెరిచింది. సుశీల బల్ల కింద ఆమె చెయ్యి నొక్కి ఆపేసింది. ధరణి మానేసింది. మానేసినందుకు మళ్లీ సిగ్గుపడింది.

ముహూర్తం రోజు కొండ మీద జనం బాగానే ఉన్నారు. భావన వచ్చింది గానీ, "అదేంది పెద్దమ్మా, సొంత మేనత్త ఉండగా నేనేంది?" అని తనే పక్కకి తప్పుకుంది. ధరణి తమ్ముడు మేనల్లుణ్ని ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. మంగలి కత్తికి నీళ్లు అద్దుకున్నాడు. సుశీల కొత్త చీర కట్టుకుని, మందు పూసిన వైపు భుజం కదపకుండా వచ్చి, వాడి ముందు కొంగు పట్టింది.

వాడు ఆమెను చూసి కెవ్వుమన్నాడు.

గడప అవతల ఉండి చప్పట్లు కొడితే నవ్విన పిల్లవాడే. ఇంత దగ్గరగా ఆమె ముఖం వాడెప్పుడూ చూడలేదు. మేనమామ చొక్కా పట్టుకుని మీదికి ఎగబాకాడు. తల్లి వైపు చేతులు చాచి ఊపిరి బిగబట్టి ఏడ్చాడు. మంగలి కత్తి పక్కన పెట్టేశాడు. "కొత్త చేస్తన్నాడమ్మా. ఆమెను కాసేపు అవతలికి పొమ్మనండి," అన్నాడు.

"కొత్త కాదయ్యా, ఆమె మేనత్తే," అంది సీతమ్మ.

"ఏం పర్లేదు. నేను వెనక్కి పోతాలే," అని సుశీల వాడికి కనపడకుండా వీపు వైపుకి వెళ్లి నిలబడింది. ధరణి వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు చెంపలూ పట్టుకుని, వెనక్కి తిరగకుండా తన వైపే చూసేలా ఏవేవో కబుర్లు చెప్పింది. నల్లటి రింగుల వెంట్రుకలు సుశీల కొంగులో ఒక్కటొక్కటే పడ్డాయి. వాడి తల మీదుగా చూస్తే వదిన ముఖం కనపడుతుంది. ధరణి కళ్లెత్తకుండా వాడి నోటి వంకే చూస్తూ కూర్చుంది.

గుండు పూర్తయ్యాక సీతమ్మ గంధం గిన్నె తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. "నువ్వే పుయ్యవే."

ఏడ్చి ఏడ్చి అలిసిన పిల్లవాడు ధరణి భుజం మీద తల వాల్చి ఉన్నాడు. సుశీల వేళ్లు గంధంలో ముంచింది. చెయ్యి ఆ గుండు మీదికి తెచ్చి, ముట్టుకోకుండా అక్కడే ఆపి, ధరణి ముఖంలోకి చూసింది. ముట్టుకోవచ్చా అని అడుగుతున్నట్టు. ఆమెకి తెలియకుండానే.

చుట్టూ అందరూ ఉన్నారు. "పుయ్యి వదినా" అని ధరణి పైకి అనలేదు. తలూపింది.

సుశీల వేలి కొసలతో, మెల్లగా, వాడు లేవకుండా పూయసాగింది.